అడ్డం ఆయనది, నిలువు నాది

మా ఇంట్లో రోజూ పొద్దున జరిగే గొడవకు ఒక చట్టం ఉండేది. పేపర్లో వచ్చే గళ్ళ నుడికట్టులో అడ్డం ఆధారాలన్నీ ఆయనవి, నిలువు ఆధారాలన్నీ నావి. ఒకరి గళ్ళలో ఇంకొకరు వేలు పెట్టకూడదు. జవాబు ఎంత తెలిసినా, చెప్పాలని ప్రాణం ఎంత కొట్టుకున్నా, నోరు మూసుకుని కూర్చోవాలి. మర్నాటి పేపర్లో జవాబులు వస్తాయి. వాటిని పక్కన పెట్టుకుని ఆయన ఎర్ర పెన్నుతో దిద్దేవాడు. తప్పయిన మాట మీద ఇంటూ పడేది. ఎవరికి ఇంటూ పడితే వాళ్ళు లేచి రెండో టీ పెట్టాలి. ఇద్దరికీ పడితే ఎవరి తప్పు పెద్దదో తేలేదాకా టీ లేదు.

మాది ఆళ్లగడ్డ. ఆయన హైస్కూల్లో లెక్కలు చెప్పి రిటైరయ్యాడు, నేను ప్రైమరీ స్కూల్లో చెప్పి రిటైరయ్యాను. ఊరంతా ఆయన్ని సారు అంటారు. పెళ్ళయిన కొత్తలో ఎగతాళికి నేనూ అలాగే పిలిచాను, ఇక అదే ఉండిపోయింది. లెక్కల మనిషికి మాటలతో పనేమిటని మొదట్లో నవ్వేదాన్ని. ఇది కూడా లెక్కేనమ్మా, గడికి ఒక అక్షరం, అటు సరిపోవాలి, ఇటు సరిపోవాలి, అనేవాడు. నేను పెన్సిలుతో రాసి చెరిపి మళ్ళీ రాసేదాన్ని. ఆయన నేరుగా పెన్నుతోనే రాసేవాడు. ఆ పొగరు చూస్తే నాకు ఒళ్ళు మండేది.

అందులో సుఖం ఎక్కడుందో చెప్పమంటే, నా నిలువు మాట, ఆయన అడ్డం మాట ఒకదాన్నొకటి దాటుకునే గడిలో ఉంది. ఎటూ పాలుపోక కూర్చున్న నాకు ఆయన పారావారం అని రాసిపెడితే అందులోంచి ఒక ‘వా’ దొరికేది, దాన్ని పట్టుకుని నా మాట మొత్తం బయటికి లాగేదాన్ని. ‘సముద్రాన్ని పారావారం అని ఎవరంటారు సారూ ఈ కాలంలో?’ అని అడిగితే, ‘గళ్ళు కూర్చేటోళ్ళు అంటారు’ అనేవాడు. ఇక దిక్కుమాలిన ఆధారాలు కొన్ని ఉంటాయి. ‘వెనక్కి తిరిగిన కోతి’ అని ఇస్తారు. తికో అని రాయాలట. ఆయన అది రాసి భుజాలు కదిలేలా నవ్వేవాడు. ఈ గళ్ళు కూర్చేవాడెవడో గానీ వాడికి ఇంట్లో అన్నం పెడుతున్నట్టు లేరని నేను తిట్టుకునేదాన్ని.

నిరుడు ఎండలు ముదరకముందు ఒకరోజు, అద్దం ముందు తల దువ్వుకుంటూ దువ్వెన జారవిడిచాడు. వంగి తీసుకోలేదు. ‘ఏమైంది సారూ’ అంటే నా వైపు తిరిగి ఏదో చెప్పబోయాడు. నోరు ఒక పక్కకు పోయింది. పక్క వీధిలో ఉండే మా మరిది పరుగెత్తుకొచ్చి, బండి మాట్లాడి, నంద్యాల ఆసుపత్రికి చేర్చాడు. ప్రాణం దక్కింది. కుడి చెయ్యి దక్కలేదు, మాట దక్కలేదు. కాలు ఈడ్చుకుంటూ నాలుగడుగులు వేయగలడు. మాట్లాడాలని నోరు తెరిస్తే ‘అదే’ అన్న ఒక్క మాటే వస్తుంది. ఆకలేస్తే అదే, కోపమొస్తే అదే, నన్ను చూస్తే అదే. ఇంకేదో అనబోయి, అదే వచ్చేసరికి, తన నోటి వైపు తానే ఆశ్చర్యంగా చూసుకున్నట్టు ఆగిపోయేవాడు.

మాట పోయినందుకు నేను ఏడ్చాను. కానీ నన్ను నిలువునా తినేసింది అది కాదు. మాట ఒక్కటే పోయిందా, దాని వెనకున్న మనిషి కూడా పోయాడా అన్నది నాకు తెలియడం లేదు. నేను చెప్పేది అర్థమవుతోందా లేదా? ఇంట్లో ఎదురుగా కూర్చున్నది మా సారేనా, సారు కుర్చీలో సారు బట్టలేసుకున్న ఇంకెవరోనా? ఎవరినడిగినా గట్టిగా ఒక మాట చెప్పలేదు. ఆ సందేహంతో కాపురం చేయడం ఎంత నరకమో పడినవాళ్ళకే తెలుస్తుంది.

వారానికోసారి మాట నేర్పించడానికి నంద్యాల తీసుకెళ్ళేదాన్ని. అక్కడ ఆ విద్య చదువుకున్న అమ్మాయి ఒకామె, మంచి పిల్ల, బల్ల మీద బొమ్మల కార్డులు పరిచి ‘చెంచా ఏది సార్? గొడుగు ఏది చూపించండి’ అనేది. ఆయన ఆ బొమ్మల వైపు ఒకసారి చూసి మొహం కిటికీ వైపు తిప్పేసుకునేవాడు. అర్థం కాక తిప్పుకుంటున్నాడా, ఇన్నేళ్ళు పిల్లలకు లెక్కలు చెప్పినవాణ్ణి గొడుగు చూపించమంటారా అని తిప్పుకుంటున్నాడా? ఆ అమ్మాయినే అడిగాను. ‘ఇప్పుడే చెప్పలేమమ్మా, ఓపిక పట్టాలి’ అంది. ఓపిక అన్న మాట వింటే నాకు అప్పటికే కంపరం పుట్టేది.

పేపరు మాత్రం నేను మాన్పించలేదు. ఆసుపత్రి నుంచి వచ్చిన మర్నాడే ఆయన ముందు టీపాయ్ మీద గళ్ళు పరిచాను. ఎడమ చేతిలో పెన్సిలు పెడితే వదిలేశాడు, అది దొర్లి మంచం కిందికి పోయింది. నా నిలువు మాటలు నేను రాసుకున్నాను. అడ్డం గళ్ళు అలాగే ఉంచేశాను. అవి ఆయనవి, నేను రాయకూడదు. రోజూ అంతే. పడుగు మాత్రమే ఉన్న మగ్గంలా, నా మాటలు నిలువుగా వేలాడుతూ, వాటిని కలిపే మాట ఒక్కటీ లేకుండా, ఆ కాగితాలు టీపాయ్ కింద పేరుకుపోయాయి. ఆధారాలు మాత్రం అడ్డానివి కూడా పైకి చదివేదాన్ని. చదివి ఆయన మొహంలోకి చూసేదాన్ని. కనురెప్ప కదిలితే చాలు, తెలిసిందేమోనని ఆశపడేదాన్ని. ఈగ వాలినా కనురెప్ప కదులుతుందని తర్వాత గుర్తొచ్చేది.

నంద్యాల బస్సులో కూడా ఊరుకోలేదు. ‘అడ్డం, పెళ్ళిలో కట్టేది, మూడక్షరాలు’ అని చదివాను ఒకరోజు. ఆయన కంటే ముందు వెనక సీట్లోంచి జవాబొచ్చింది.

‘పందిరి’ అన్నాడు మిరప నారు మూట ఒళ్ళో పెట్టుకున్న పెద్దాయన.

‘పందిరి ఏస్తారు గానీ కడతారా యాడన్నా?’ అన్నాడు కండక్టరు, టికెట్లు కొట్టడం ఆపి.

‘తోరణం గదప్పా’ అంది పక్క సీటామె.

‘బాసికం రాసుకోమ్మా, బాసికం’ అని ముందు నుంచి ఇంకెవరో అరిచారు.

మూడూ మూడక్షరాలే. దాన్ని దాటే నా నిలువు మాట ఇంకా తేలలేదు. మా పెళ్ళి చర్చిలో జరిగింది కాబట్టి నాకు బాసికం తట్టలేదు గానీ, విన్నాక అదే సరైనదని అనిపించింది. శిరివెళ్ల వచ్చేదాకా బస్సంతా కొట్లాడుకున్నారు. నాకు చాలా రోజుల తర్వాత నవ్వొచ్చింది. నవ్వుతూ ఆయన వైపు తిరిగితే, ఆయన కిటికీలోంచి పొలాలు చూస్తున్నాడు. పక్క సీటామె నన్ను అడిగింది, ‘ఆయప్పకు ఏమయిండాదిమా? చెవులు ఇనపడతాయా?’ అని. వినపడతాయన్నాను. ‘తెలుస్తాందా మరి?’ అంది. నేను పేపరు మడిచి సంచిలో పెట్టేసుకున్నాను.

ఆ తర్వాతి ఆదివారం చర్చిలో ఒక సంగతి జరిగింది. అందరూ లేచి పాట అందుకున్నారు. నా పక్కన ఒక గొంతు వినపడింది. మా సారు పాడుతున్నాడు. అదే అని కాదు, పాటలోని మాటలు, ఒకదాని తర్వాత ఒకటి, చరణం మొత్తం, ఎక్కడా తడబడకుండా పాడుతున్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు కళ్ళు తుడుచుకున్నారు, నా చెయ్యి పట్టుకుని దేవుడు కరుణించాడన్నారు. ఆరోజు ఇంటికి ఎలా వచ్చానో తెలియదు. చెప్పులు కూడా విప్పకుండా ఆయన ముందు కూర్చుని ‘సారూ, నీళ్ళు అనండి. ఒక్కసారి నీళ్ళు అనండి’ అన్నాను. పెదాలు కదిలాయి. ‘అదే’ అన్నాడు. మళ్ళీ అడిగాను. ‘అదే. అదే’ అన్నాడు.

నంద్యాల అమ్మాయికి చెబితే ఆమె ఆశ్చర్యపోలేదు. ‘చాలామందికి అట్ల అవుతుందమ్మా. నోటికి వచ్చిన పాట ఒక దారిలో వస్తుంది, సొంతంగా అనే మాట ఇంకో దారిలో రావాలి’ అంది. మరి ఆ పాట దారినే మాటల్ని తీసుకురాకూడదా అని నాకు పిచ్చి ఆలోచన పుట్టింది. మర్నాడు పొద్దున గళ్ళు ముందేసుకుని, అడ్డం ఆధారాలను చర్చి పాట వరసలో పాడాను. ‘సముద్రమునకు మరియొక పేరు, నాలుగక్షరములు’ అని రాగం తీశాను. పక్కింటామె ఇంట్లో ప్రార్థన జరుగుతోందనుకుని తల మీద కొంగు కప్పుకుని వచ్చి గడపలో నిలబడింది. సారు ఎడమ చెయ్యి ఎత్తి చెవి మూసుకున్నాడు. ఆమె వెళ్ళాక నవ్వాలో ఏడవాలో తెలియలేదు, చివరికి ఏడ్చాను.

మా మరిది చెడ్డవాడు కాదు. అన్నను ఎత్తి బస్సెక్కించేది అతనే, గడ్డం గీయించేది అతనే. కానీ మనసులో ఏదీ దాచుకోడు. ఒకరోజు సాయంత్రం వసారాలో అన్న పక్కనే నిలబడి నాతో అన్నాడు.

‘వదినా, ఏందికి తిప్పుతాండావు ఈయన్ని నంద్యాలకు? బస్సులో ఆ కుదుపులకు నడుం పట్టుకోవడం తప్ప ఏం ఒరిగిండాది? ఏం అర్థమయితాంది పాపం ఈయనకు? ఆ గళ్ళు చూసి చూసి నీ కళ్ళు పోతాండాయి. ఇంట్లోనే చల్లగా కూర్చోబెట్టుకో.’

నేను కాదనలేదు. అలసిపోయాను. ఇంకొకరు ఆ మాట అంటే బాగుండునని లోపల ఎదురుచూస్తున్నానేమో కూడా. ‘నిజమేప్పా. మనిషి ఉన్నాడు గానీ మనిషి లేడు. గోడతో మాట్లాడతాండా నేను. ఈ వారం నుంచి నంద్యాల మానేద్దాం’ అన్నాను. ఆయన మా ఇద్దరి మధ్యనే కుర్చీలో కూర్చుని వీధి వైపు చూస్తున్నాడు.

మర్నాడు పేపరు వచ్చింది. అలవాటు కొద్దీ టీపాయ్ మీద పరిచి, నావి నేను రాసుకుని, పెన్సిలు అక్కడే పడేసి వంటింట్లోకి పోయాను. ఆధారాలు చదవలేదు. కుక్కర్ దింపి వచ్చేసరికి ఆయన ముందుకు వంగి ఉన్నాడు. పెన్సిలు ఎడమ చేతి పిడికిట్లో ఉంది. అడ్డం గళ్ళలో ఏదో పెడుతున్నాడు. దగ్గరికి పోయి చూశాను. గీతలు. గడికో గీత, వంకరగా, పలక పట్టిన కొత్తలో పిల్లలు పెట్టే గీతల్లాంటివి. అక్షరం అన్నది ఎక్కడా లేదు. అన్ని అడ్డం గళ్ళూ అలాగే నింపి, పెన్సిలు వదిలేసి, కనుబొమలెత్తి నా వైపు చూశాడు. మా క్లాసుల్లో పిల్లలు మా వైపు అలాగే చూసేవాళ్ళు.

నా గుండె చెరువైంది. ఇక మిగిలింది ఇంతేనా అనుకున్నాను. ‘భలే సారూ! అన్నీ సరిగ్గా రాసినావు. ఒక్కటి కూడా తప్పు లేదు’ అన్నాను, బడిలో వాడే గొంతుతో. ఆయన నన్ను చాలాసేపు చూశాడు. తర్వాత కాగితాన్ని పక్కకు నెట్టేశాడు.

ఆ మర్నాడు పేపరు తెచ్చి, టీ ఇచ్చి, నేను బియ్యం ఏరుకుంటూ అక్కడే కూర్చున్నాను. ఆయన టీ తాగి గ్లాసు పెట్టి, పేపరు తనవైపు లాక్కున్నాడు. ఎడమ చేత్తో కష్టపడి గళ్ళ పేజీ తీశాడు. టీపాయ్ కింద నుంచి నిన్నటి కాగితం లాగి పక్కన పెట్టుకున్నాడు. ఎర్ర పెన్ను పెన్నుల స్టాండులోనే ఉంది, ఆయన పడిపోయిన రోజు నుంచి ఎవరూ ముట్టలేదు. దాన్ని తీసి మూత పళ్ళతో లాగాడు. నా చేతిలో చాట అలాగే ఉండిపోయింది.

ఆయన గీతలు పెట్టిన మొదటి అడ్డం మాట మీద ఇంటూ పెట్టాడు. రెండో మాట మీద ఇంటూ. తొందరేమీ లేదు. ఒకసారి జవాబులోకి చూడటం, ఒకసారి గళ్ళలోకి చూడటం, ఇంటూ పెట్టడం. తన మాటలన్నిటినీ, ఒక్కటీ వదలకుండా, అలా కొట్టేశాడు. నిన్న నేను అన్నీ సరిపోయాయన్న వాటినన్నిటినీ. నాకు మొహం ఎక్కడ పెట్టుకోవాలో తెలియలేదు.

అక్కడితో ఆపలేదు. నా నిలువు మాటల దగ్గరికి వచ్చాడు. ఒకటి చూశాడు, వదిలేశాడు. ఇంకొకటి చూశాడు, వదిలేశాడు. ఒకచోట ఆగాడు. జవాబు వైపు చూశాడు, నా మాట వైపు చూశాడు, మళ్ళీ జవాబు వైపు. ఎర్ర ఇంటూ, వంకరగా, పెద్దగా, నా అక్షరాల మీద పడింది.

నేను గభాల్న వంగి చూశాను. ‘పొలం దాహం తీర్చేది, మూడక్షరాలు’ అన్న ఆధారానికి కాలువ అని రాసి ఉన్నాను. పేపర్లో జవాబు చెరువు. మా వైపు పొలానికి నీళ్ళంటే కాలువే. కాలువకు నీళ్ళు ఎప్పుడు వదులుతారన్న మాట మీదే ఊరు బతుకుతుంది. నాకు చెరువు ఆలోచనలోకే రాలేదు. అడ్డం గళ్ళలో మాటలుంటే తప్పు అప్పుడే పట్టుబడేది, అవి ఖాళీగా ఉన్నాయి కాబట్టి నా కాలువను అడిగే దిక్కు లేకపోయింది.

‘కాలువ తప్పెట్లయితాది సారూ?’ అన్నాను కోపంగా. ‘ఈ గళ్ళు పెట్టినోడు యా ఊరోడో, వానికేం తెలుసు? మన చేన్లకు నీళ్ళు యాడనుంచి వస్తాండాయి, కాలువ నుంచి కాదా? ఇది తప్పంటే నేనొప్పుకోను!’

ఆయన నా వైపు చూశాడు. నోరు కుడివైపు కదలకుండా, ఎడమవైపు మాత్రం కొంచెం పైకి లేచింది. ఖాళీ టీ గ్లాసును రెండు వేళ్ళతో టీపాయ్ మీద నెట్టాడు. ఇంటూలు ఇద్దరికీ పడినా పెద్ద తప్పు నాదేనన్నట్టు, అది గీసుకుంటూ వచ్చి నా ముందు ఆగింది.

అప్పుడు తెలిసింది, నేను మా సారుతో కొట్లాడుతున్నానని.

గ్లాసు తీసుకుని వంటింట్లోకి పోయాను. పాలు పెట్టాను. చక్కెర సగం గట్టు మీద పోసుకున్నాను. బతికే ఉన్నాడు, లోపలే ఉన్నాడు, టీ ఎవరు పెట్టాలో కూడా మరచిపోలేదు అని సంతోషంతో ఏడ్చాను. ఆ నంద్యాల అమ్మాయి ఏమంటుందో నాకు తెలుసు, అక్షరాల ఆకారాలు పోల్చి చూసి ఉండొచ్చమ్మా అంటుంది. గ్లాసు సంగతి ఆమెకెలా తెలుస్తుంది?

పాలు పొంగే లోపలే ఆ సంతోషం మీద పిడుగు పడింది. లోపలే ఉన్నాడంటే, మొదటి నుంచీ లోపలే ఉన్నాడు. బస్సులో ఆమె నన్నడిగింది విన్నాడు. గొడుగు చూపించమన్నది విన్నాడు. వసారాలో మరిది అన్నది విన్నాడు. మనిషి ఉన్నాడు గానీ మనిషి లేడు అని నేనన్నది, ఇంత దగ్గర కూర్చుని విన్నాడు. విని, అదే తప్ప ఇంకో మాట చేతిలో లేక, మర్నాడు పెన్సిలు పట్టుకుని గీతలు పెట్టాడు. వాటికి నేను భలే అన్నాను. పాలు పొంగి స్టవ్ ఆరిపోయేదాకా నేను అక్కడే నిలబడ్డాను.

ఆయనకు మాట రాలేదు. ఇది రాస్తున్న రోజుకూ రాలేదు. అడ్డం గళ్ళలో ఇప్పటికీ గీతలే పడతాయి, మర్నాడు వాటి మీద ఇంటూలు పడతాయి. ఆయన అలా తన్ను తాను కొట్టేసుకోవడం చూడటం నా వల్ల కాదు. అయినా చూస్తాను. అన్నీ సరిపోయాయని మాత్రం మళ్ళీ అనలేదు.

నా కాలువ మీద ఇంటూ పడిన రోజు సాయంత్రం మరిది వచ్చాడు. ఎప్పటిలాగే అన్న కుర్చీ పక్కన నిలబడి, అన్న తల మీదుగా నన్ను అడిగాడు.

‘నంద్యాలకు మానేసినట్టేనా వదినా? రేపు బస్సెక్కించే పని లేదు గదా?’

‘నన్నెందుకు అడుగుతాండావప్పా?’ అన్నాను. ‘ఆయన్నే అడుగు.’

మరిదికి అర్థం కాలేదు. నా వైపు చూశాడు, అన్న వైపు చూశాడు. అన్న అప్పటికే తలెత్తి సూటిగా అతన్నే చూస్తున్నాడు. మరిది చెప్పులు విడిచి, వచ్చి ఆయన ఎదురుగా నేల మీద కూర్చున్నాడు. దువ్వెన జారిపడిన రోజు నుంచి అతను అన్న మొహంలోకి చూసి ఒక మాట అడగడం నేనెప్పుడూ చూడలేదు.

‘రేపు పోదామా అన్నా?’ అన్నాడు.

‘అదే’ అన్నాడు మా సారు.